1/70 వెనుక ఆ ఎనిమిది నెలలు

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకి భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టాన్ని పర్యాటక పెట్టుబడుల కోసం సవరించాలన్న మాట 2025 మొదట్లో స్పీకర్ అయ్యన్నపాత్రుడి నోట వచ్చింది. ఫిబ్రవరిలో 48 గంటల మన్యం బంద్ జరిగింది. చట్టం జోలికి వెళ్లేది లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించారు. అయినా పార్వతీపురం, సీతంపేట వైపు ఆ మాట ఎప్పుడు లేచినా జనంలో టెన్షన్ మొదలవుతుంది. దానికి కారణం చెప్పేవాళ్లు ఏజెన్సీ భూముల బదిలీ మీద మద్రాసు ప్రభుత్వం తెచ్చిన 1917 చట్టం దగ్గర మొదలుపెడతారు. ఆ భాగం చాలామందికి తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. నా లెక్కలో అసలు సంగతంతా 1969 జూన్ నుంచి 1970 ఫిబ్రవరి దాకా నడిచిన ఎనిమిది నెలల్లో ఉంది.

1969 జూన్‌లో శ్రీకాకుళం ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. పార్వతీపురం అప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. సీఆర్‌పీఎఫ్ బలగాలు కొండల్లోకి వచ్చాయి. ప్రభుత్వం చెప్పిన కారణం శాంతిభద్రతలు. షావుకార్ల ఇళ్ల మీద దాడులు, హత్యలు జరిగిన మాట నిజమే. కానీ గిరిజనులు అడుగుతున్నది ముందు నుంచీ ఒకటే: తాకట్టులోకి, నాగుల (వడ్డీకి తెచ్చే ధాన్యం) అప్పుల్లోకి పోయిన భూమి తిరిగి కావాలి, కంబారి (పాలేరు) చాకిరీకి కూలి పెరగాలి, సంతలో చింతపండుకి న్యాయమైన ధర రావాలి. ఇందుకోసం ఏళ్ల తరబడి గిరిజన సంఘం పేరుతో సభలు పెట్టారు, అర్జీలు ఇచ్చారు, ఊరేగింపులు తీశారు.

1967 అక్టోబర్ 31న అలాంటి సభకే మొండెంఖల్లు వెళుతున్న వాళ్లను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు నడిచింది. 1968లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తీర్పు తర్వాత కోర్టు, కచేరీ అన్న మాట మీద కొండల్లో నమ్మకం పోయింది. ఆయుధం పట్టడం తప్పని చెప్పవచ్చు, నేనూ అదే అంటాను. కానీ మిగతా దారులు ఎవరు మూశారన్నది కూడా చెప్పాలి.

దారి మూసిన తీరుకి నాకు కనిపించే పెద్ద సాక్ష్యం లేవిడి కాదు, ఒక ఫైలు. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ అయితే చెల్లదని చెప్పే రెగ్యులేషన్ 1959 మార్చిలోనే అమల్లోకి వచ్చింది. దాన్ని అమలు చేయడానికి కావాల్సిన నియమాలు 1969లో వచ్చాయి. పదేళ్లు! అర్జీ ఎవరికివ్వాలి, ఎలా విచారించాలి, భూమిని ఎలా వెనక్కి ఇప్పించాలి అన్నది నియమాల్లో ఉంటుంది. అవి లేని చట్టంతో తహసీల్దారు చేయగలిగేది చాలా తక్కువ. ఆ పదేళ్లలో ముఖ్యమంత్రులు మారారు, గవర్నర్లు మారారు. ఎందుకు ఆలస్యమైందని ఏ ఒక్కరినీ నిలబెట్టి అడిగినవాళ్లు లేరు.

కొండల్లో పోలీసు క్యాంపులు వెలుస్తున్న ఆ నెలల్లోనే ఢిల్లీలో రాష్ట్రపతి కుర్చీ చుట్టూ గొడవ నడుస్తోంది. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ చనిపోయారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక బాధ్యత తీసుకుని, పోటీ చేయడానికి జులైలో రాజీనామా చేశారు. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా కొద్ది వారాలు ఆ స్థానంలో ఉన్నారు. ఆగస్టు 24న గిరి ప్రమాణం చేశారు. నవంబర్‌లో కాంగ్రెస్ రెండుగా చీలింది. ఏజెన్సీలో నిర్బంధం మొదలైనప్పుడు దేశంలో అత్యున్నత పదవిలో ఎవరుంటారన్నదే తేలలేదు.

గిరికి ఈ ప్రాంతం కొత్త కాదు. 1952లో పాతపట్నం నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్లి నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. 1957లో పార్వతీపురం నుంచి పోటీ చేశారు. అది రెండు సీట్ల నియోజకవర్గం, ఒకటి గిరిజనులకు రిజర్వుడు. ఓట్ల లెక్కలో ఇద్దరు గిరిజన అభ్యర్థులే ముందు నిలిచారు. దాంతో జనరల్ సీటు కూడా గిరిజనుడైన డిప్పల సూరిదొరకే దక్కింది. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. గిరిజనుల ఓటు బలమెంతో స్వయంగా చూసిన నాయకుడు ఆయన.

1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన మొదటి నంబర్ రెగ్యులేషన్ ఆ రాష్ట్రపతి ఆమోదంతోనే వచ్చింది. జనం నోట 1/70 అయ్యింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడు అమ్మినా సరే, గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో అమ్మాలని అది చెప్పింది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినట్టే భావిస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. కాగితం ముక్క లేని సవర, జాతాపు రైతుకి ఆ ఒక్క వాక్యం ఎంత బలమో ఎల్‌టీఆర్ (భూ బదిలీ రెగ్యులేషన్) కేసుల కోసం తిరిగినవాళ్లని అడిగితే చెబుతారు.

పదేళ్లు కదలని పని ఎనిమిది నెలల్లో జరిగింది. చేసే అధికారం మొదటి నుంచీ ఉందన్నమాట. రాజ్యాంగంలోని అయిదో షెడ్యూల్ ప్రకారం గవర్నర్ గిరిజన సలహా మండలిని సంప్రదించి రెగ్యులేషన్ చేస్తారు, రాష్ట్రపతి ఆమోదిస్తే చాలు. గవర్నర్ ఖండూభాయ్ దేశాయ్, ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి, కేంద్రంలో ఇందిరాగాంధీ ప్రభుత్వం, అందరూ కలిస్తే సంతకం పడింది. రాష్ట్రపతి మంత్రివర్గ సలహా మీదే సంతకం పెడతారన్నది నిజమే. అయితే షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక ఇవ్వాలని అదే షెడ్యూల్ చెబుతుంది. ఏజెన్సీ మండిపోవడానికి ముందటి పదేళ్ల నివేదికలకి ఎవరు జవాబుదారీ?

1970 ఏప్రిల్‌లో తన ఎన్నిక మీద వచ్చిన పిటిషన్‌లో గిరి స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా రావడం గొప్ప విషయం. అదే ఏడాది జులై 10న ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు ప్రకటించారు, పట్టుకుని చంపారని ఉద్యమం వైపు వాళ్లు చెప్పారు. ఎన్నికల పిటిషన్‌కి దొరికిన బహిరంగ విచారణ కొండల్లో పోయిన ప్రాణాలకి కూడా దొరకాల్సింది.

గిరిజనేతర రైతుల వైపు వాదనా ఉంది. తరాలుగా ఇక్కడే ఉన్నామని, తాత కొన్న భూమిని అమ్ముకోలేకపోతున్నామని అంటారు. చిన్న రైతుల విషయంలో ఆ బాధ నిజం. కానీ ఈ వాదనలన్నీ విన్నాకే సుప్రీంకోర్టు 1988లో పి.రామిరెడ్డి కేసులో 1/70 రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. 1997లో సమత తీర్పు ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరుల గనుల కంపెనీలకి లీజుకివ్వరాదని చెప్పింది.

కాబట్టి సవరణ మాట ఎత్తేవాళ్లు ఎవరైనా, ఏ పార్టీ అయినా, దారి వైజాగ్‌లోని పెట్టుబడుల సదస్సు గుండా వెళ్లదు. సలహా మండలి ముందుకి, గవర్నర్ దగ్గరికి, అక్కడి నుంచి రాష్ట్రపతి దగ్గరికి వెళ్లాలి. నిలదీయాల్సింది కూడా ఆ వరుసలోనే. మనం మాత్రం స్పీకర్ మాటకి ఆందోళన చేసి, ముఖ్యమంత్రి హామీ వినగానే ఇంటికి వచ్చేస్తున్నాం.

శ్రీకాకుళం జిల్లాకి ఇంకో పాత బాకీ ఉంది. మందస, మెళియాపుట్టి కొండల్లో షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితాలోకి ఎక్కని సవర గూడేలు ఉన్నాయి. అక్కడ 1/70 వర్తించదు, భూమి పోతే ఎల్‌టీఆర్ కేసు వేసే వీలే లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో అవి లేవు. 1976 సవరణ తర్వాత గవర్నర్‌ని సంప్రదించి కొత్త ప్రాంతాలను చేర్చే అధికారం రాష్ట్రపతికి ఉంది. 2022 జులై నుంచి ఆ పదవిలో ఉన్న ద్రౌపదీ ముర్ము సంతాలీ గిరిజన మహిళ. రాష్ట్ర ప్రభుత్వం ఊళ్ల పేర్లతో సహా ప్రతిపాదన పంపి, దాని నకలు ఆ గూడేల్లో గ్రామసభ పెట్టి చదివి వినిపించాలి.