నల్లరాతి మీద గరిక

హవాయి పెద్ద దీవిలో, కొహాలా తీరాన, చూపు ఆనినంత మేర నల్లటి లావా రాయి. దాని మధ్య పచ్చగా మౌనా కియా గోల్ఫ్ మైదానం. మూడో హోల్ (ఆటలో ఒక అంచె) దగ్గర ఆటగాడు గట్టు మీద నిలబడి, కింద అలలు విరుచుకుపడే సముద్రపు పాయ మీదుగా బంతిని అవతలి ఒడ్డుకు కొట్టాలి. ఫొటోలు తీసేవాళ్లంతా ఆ సముద్రాన్నే తీస్తారు. నాకు మాత్రం ఆ పచ్చికే వింతగా కనిపిస్తుంది. నిజానికి అది అక్కడ బతకకూడదు.

ఈశాన్యం నుంచి వచ్చే గాలులు 4,207 మీటర్ల మౌనా కియా పర్వతాన్ని ఢీకొని తమ తడినంతా తూర్పు వైపే కుమ్మరిస్తాయి. అక్కడి హీలో పట్టణంలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన. కొండకు ఇవతల కొహాలా ఒడ్డున 250 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అనంతపురం వానలో సగం కూడా కాదు. పైగా మట్టి లేదు. 1964లో ఈ మైదానం ప్రారంభమయ్యే నాటికి రూపశిల్పి రాబర్ట్ ట్రెంట్ జోన్స్ లావా రాయినే పిండి కొట్టించి మట్టిగా వాడుకున్నాడు. ప్రకృతి శతాబ్దాల తరబడి చేసే పనిని యంత్రాలు కొద్ది కాలంలో ముగించాయి.

అసలు నేర్పు గ్రీన్ అడుగున ఉంటుంది. బంతి పడే గుంత చుట్టూ నున్నగా ఉండే గడ్డినే గ్రీన్ అంటారు. 1960లో యునైటెడ్ స్టేట్స్ గోల్ఫ్ అసోసియేషన్ ప్రకటించిన పద్ధతి ప్రకారం అడుగున 10 సెంటీమీటర్ల కంకర, దానిపై 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం పరుస్తారు. కంకర ఉంది కాబట్టి నీరు చప్పున జారిపోతుందనుకుంటాం. జరిగేది అందుకు విరుద్ధం. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి, అరచేతిలో అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పండి. మళ్లీ ధార కడుతుంది! స్పాంజి అడుగున కొంత ఎత్తు వరకు నీరు వేలాడుతూ నిలుస్తుంది. నిలువుగా తిప్పినా ఆ ఎత్తు అంతే, అడుగు వైశాల్యం మాత్రం తగ్గుతుంది. మిగిలిన నీరు కారక తప్పదు. ఇసుకలోనూ ఇదే కథ. సన్నటి సందులు పట్టి ఉంచిన నీటిని కంకరలోని పెద్ద ఖాళీలు లాక్కోలేవు. ఎండల్లో వేళ్లకు అదే నిల్వ. కుండపోత కురిస్తే బరువు ఎక్కువై, అదనపు నీరు కంకరలోకి దిగిపోతుంది.

ఇక గడ్డి. వేడి ప్రాంతాల గోల్ఫ్ మైదానాల్లో పెంచే బెర్ముడా గడ్డి మనకు కొత్తదేమీ కాదు. వినాయక చవితికి దూర్వాయుగ్మంగా సమర్పించే గరికే. అమెరికాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త మన గరికను దక్షిణాఫ్రికా గరికతో సంకరపరిచాడు. దానికి 36 క్రోమోజోములు, దీనికి 18, పిల్లకు 27. మూడేసిగా ఉన్న క్రోమోజోములు సరిగా జత కట్టలేక ఆ పిల్ల గొడ్డుబోయింది. విత్తనం కట్టదు కనుక తీగ ముక్కలు నాటాల్సిందే. ఈ వంశంలో తర్వాత వచ్చిన కొన్ని రకాలు రోజూ మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు, అంటే రెండు రూపాయి నాణేలు పేర్చినంత మందానికి కోసినా తట్టుకుంటాయి.

దీవుల్లో గడ్డికి అసలు శత్రువు ఉప్పు. సముద్రపు తుంపర ఒకవైపు, ఉప్పు కలిసిన బావినీరు మరోవైపు. నీరు ఆవిరైనా ఉప్పు మిగులుతుంది. దాన్ని కడగాలంటే అవసరానికి మించి నీరు పెట్టాలి. లావా పగుళ్ల గుండా ఆ నీరు ఎరువుల నత్రజనిని వెంటబెట్టుకుని సముద్రంలోకి చేరితే, పగడాలపై నాచు పెరిగే ప్రమాదం ఉంది. హోటల్ కరపత్రాల్లో ఈ సంగతి రాయరు లెండి.

అందుకే చాలా దీవుల్లో ఇప్పుడు సీషోర్ పాస్పాలం అనే గడ్డి నాటుతున్నారు. జార్జియా విశ్వవిద్యాలయం 1990లలో దీని మేలురకాలను తయారుచేసింది. ఇది మన అరికలకు దాయాది, రెండూ ఒకే ప్రజాతి. గరిక తన ఆకుల మీది గ్రంథుల ద్వారా ఉప్పును బయటికి కక్కుతుంది. పాస్పాలం కొంత ఉప్పును వేళ్ల దగ్గరే ఆపి, మిగతాదాన్ని కణాల రిక్తికల్లో, అంటే కణాల లోపలి సంచుల్లో దాచుకుంటుంది. సముద్రపు నీరు అప్పుడప్పుడు తాకినా చావదు. ఈ ధైర్యంతోనే కొన్ని మైదానాల్లో కలుపును చంపడానికి నేరుగా ఉప్పే చల్లుతారు. దాంతో చాలా కలుపు మాడిపోతుంది. పాస్పాలం మధ్యలోకి పాకిన గరిక మాత్రం అంత తేలిగ్గా పోదు. ఈ మాట మన రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు.