పేగులోని లింఫ్ నాళాల జబ్బు: అపోహలు – వాస్తవాలు

1961లో వైద్యుడు వాల్డ్‌మన్ బృందం 18 మంది రోగుల్లో వివరించిన ఇంటెస్టైనల్ లింఫాంజియెక్టేసియా చాలా అరుదైన జబ్బు. చిన్నపేగు గోడలో కొవ్వును మోసే లింఫ్ నాళాలు ఉబ్బి, వాటిలోని లింఫ్ అనే ప్రోటీన్లున్న ద్రవం పేగులోకి కారిపోతుంది. ఎక్కువగా మూడేళ్లలోపు బయటపడినా, పెద్దవారిలోనూ కనిపిస్తుంది.

అపోహ: ఒళ్లు వాచి, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గితే అది కిడ్నీ జబ్బే.

వాస్తవం: పిల్లల్లో మొదట నెఫ్రోటిక్ సిండ్రోమ్‌ను (మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు) అనుమానించడం సరైనదే. అయితే మూత్రంలో ప్రోటీన్ పోవడం లేదని, కాలేయం బాగానే ఉందని తేలాక, తిండి చాలక వచ్చిన వాపని సరిపెట్టేయకుండా పేగు వైపు చూడాలి. ఆధారం చాలాసార్లు చేతిలోని రక్తపరీక్ష రిపోర్టులోనే ఉంటుంది: లింఫ్‌తో పాటు లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు), ఇమ్యునోగ్లోబులిన్లు (రోగాలతో పోరాడే ప్రోటీన్లు) కూడా పోతాయి కాబట్టి ఆల్బుమిన్‌తో బాటు అవీ తగ్గుతాయి. లింఫోసైట్ల శాతాన్ని కాక, మొత్తం సంఖ్యను వయసుకు తగినట్టు చూడమని నా జూనియర్లకు పదేపదే చెబుతుంటాను. ప్రోటీన్ పేగు నుంచే పోతోందని మలంలో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే రక్త ప్రోటీన్ కోసం చేసే పరీక్ష చెబుతుంది.

అపోహ: విరేచనాలు లేకపోతే పేగు జబ్బు కాదు.

వాస్తవం: వేలితో నొక్కితే గుంట పడే కాళ్ల వాపే ప్రధాన లక్షణం, విరేచనాలు స్వల్పంగా ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు. కాల్షియం తగ్గి చేతివేళ్లు కొంకర్లు పోవడం, పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం కూడా ఉంటాయి.

అపోహ: ఎండోస్కోపీ మామూలుగా ఉంటే ఈ జబ్బు లేనట్టే.

వాస్తవం: పేగు లోపలి పొర పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది, బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఉబ్బిన నాళాలు కనిపిస్తే నిర్ధారణ అవుతుంది. కానీ ఈ మార్పులు అక్కడక్కడా మాత్రమే ఉండవచ్చు, ఎండోస్కోప్ చేరని చోటే ఉండవచ్చు. అప్పుడు క్యాప్సూల్ ఎండోస్కోపీ (మింగే చిన్న కెమెరాతో చేసేది) గానీ ఎంటరోస్కోపీ (చిన్నపేగులో ఇంకా లోపలికి వెళ్లే గొట్టంతో చేసేది) గానీ అవసరమవుతుంది.

అపోహ: ఆల్బుమిన్ ఎక్కిస్తే నయమవుతుంది.

వాస్తవం: కారే దారి అలాగే ఉంటుంది కనుక ఆ ఉపశమనం తాత్కాలికమే. మామూలు కొవ్వును బాగా తగ్గించి, లింఫ్ నాళాలతో పనిలేకుండా నేరుగా రక్తంలోకి చేరే ఎంసీటీ (మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్) నూనెను ఆహారంలో ఇవ్వడమే చికిత్సకు పునాది.

అపోహ: బయాప్సీలో తేలాక ఇక వెతకాల్సిందేమీ లేదు.

వాస్తవం: పేగు టీబీ, లింఫోమా (లింఫ్ వ్యవస్థ క్యాన్సర్), గుండె చుట్టూ పొర బిగుసుకుపోవడం వల్ల కూడా ఈ నాళాలు ఇలాగే ఉబ్బుతాయి. బిగుసుకున్న ఆ పొరను ఆపరేషన్‌తో తొలగిస్తే ప్రోటీన్ నష్టం ఆగిపోవచ్చు. అందుకే బయాప్సీ రిపోర్టు వచ్చాక కూడా గుండెకు ఎకో, పొట్టకు సీటీ స్కాన్ రాస్తాం.