ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రీబిల్డ్: పార్టుల గురించి అపోహలు - వాస్తవాలు

ఇంజిన్ పవర్ పెంచుకున్నవాళ్లు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పించేటప్పుడు ముందు అడిగేది ఒకటే: "ఏ క్లచ్ ప్లేట్లు వేస్తున్నారు?" అడగాల్సిన ప్రశ్నే. కానీ పాత ప్లేట్లు ఎందుకు కాలాయో తెలిసేదాకా నేను ఒక్క పార్టు కూడా ఆర్డర్ పెట్టను.

అపోహ: ప్లేట్లు ఎన్ని ఎక్కువైతే పట్టు అంత ఎక్కువ

ఇందులో సగం నిజం ఉంది. ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకు రెండు ముఖాలు; ఆరు ప్లేట్లంటే పన్నెండు. ఆయిల్ ప్రెజర్‌తో కదిలే క్లచ్ పిస్టన్ నొక్కే బలం అంతే ఉన్నా, ముఖాలు పెరిగితే ఆ ప్యాక్ (ప్లేట్ల దొంతర) మోసే టార్క్, అంటే తిప్పే బలం, పెరుగుతుంది. అయితే ప్లేట్లు కూర్చునే డ్రమ్ లోతు పెరగదు కదా. ఎక్కువ ప్లేట్లు పట్టించాలంటే వాటి మధ్య స్టీల్ ప్లేట్లు పలచనివి వేయాల్సిందే. గేర్ మారేటప్పుడు ప్లేట్లు జారే ఆ కాస్త సమయంలో పుట్టే వేడిలో ఎక్కువ భాగం తీసుకునేది స్టీలే. ఫ్రిక్షన్ ముఖం కాగితం లాంటి పదార్థం, వేడిని లోపలికి అంతగా పోనివ్వదు. స్టీల్ పలచనైతే అంతే వేడికి చాలా ఎక్కువగా కాగిపోతుంది.

జీఎం (జనరల్ మోటార్స్) వారి నాలుగు గేర్ల ఆటోమేటిక్, 4ఎల్60ఈ బాక్సుల్లో మూడు-నాలుగు గేర్ల క్లచ్ త్వరగా పోతుందని ఈ పని చేసే అందరికీ తెలుసు. అక్కడ తొమ్మిది ఫ్రిక్షన్లు ఇరికించిన బాక్స్ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. ఫ్రిక్షన్లు నల్లగా మాడాయి, స్టీళ్ల మీద నీలం మచ్చలు. ఒక స్టీల్‌ను గాజు పలక మీద పెట్టి వేలితో అంచు నొక్కితే టకటకా ఊగింది. చదునుగా ఉండాల్సింది పళ్లెంలా వంగిపోయింది. ఈసారి ఫ్రిక్షన్లు తగ్గించి, మందం స్టీళ్లు వేశాను. కొన్ని సెకన్ల పరుగు పందేనికి పలచని ప్యాక్ నడవచ్చు. గంటల తరబడి తిరిగే, బరువు లాగే బండికైతే నా ఓటు మందం స్టీళ్లకే.

ప్యాక్ పేర్చాక ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచని రేకులు) క్లియరెన్స్, అంటే ప్లేట్ల మధ్య ఖాళీ, తప్పకుండా చూడండి. ఫ్రిక్షన్‌కు 0.25 మి.మీ. అన్నది మా పనిలో బండ లెక్క మాత్రమే, ఆ బాక్స్ మాన్యువల్‌లో ఉన్న కొలతే అసలు. క్లియరెన్స్ మరీ తక్కువైతే క్లచ్ వదిలాక కూడా ప్లేట్లు రాసుకుంటూనే ఉంటాయి.

అపోహ: ఎర్ర ప్లేట్లు, నీలం ప్లేట్లు మామూలు వాటికన్నా గట్టివి

రంగు చూసి నాణ్యత తేల్చలేం. ఆ ముఖం ఏ పదార్థం, ఏ ఆయిల్‌కు, ఎలాంటి స్టీల్ ముఖానికి కుదురుతుందో తయారీదారు ఇచ్చిన వివరాల్లో చూడాలి.

అపోహ: క్లచ్ కాలిందంటే క్లచ్ నాసిరకం

నన్ను బాగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే దీనివల్ల జనం ఒకే రిపేరుకు రెండుసార్లు డబ్బు పెడతారు. క్లచ్‌ను పట్టి ఉంచేది ఆయిల్ ప్రెజర్. అది దారిలో ఎక్కడ లీకైనా ఎంత ఖరీదైన ప్లేటైనా జారి కాలుతుంది. పిస్టన్ సీల్ అంచున గోటి గీతంత కోత చాలు. టెఫ్లాన్ రింగులు ఎక్కించేటప్పుడు సాగుతాయి. సైజింగ్ టూల్‌తో మళ్లీ బిగువుకు తేకుండా డ్రమ్‌లోకి నెడితే అంచు తెగిపోతుంది.

ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో వాల్వులతో మళ్లించే వాల్వ్ బాడీ సంగతీ అంతే. 4ఎల్60ఈలో పీ1870 కోడ్ (లోపల ఏదో జారుతోందని బండి కంప్యూటర్ చూపే లోపం) వస్తే చాలామంది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పే బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) మార్చేస్తారు. తరచుగా అసలు కారణం, కన్వర్టర్ క్లచ్‌ను నడిపే వాల్వ్ ఆడీ ఆడీ అల్యూమినియం రంధ్రం అరిగిపోవడం. రీమర్‌తో రంధ్రం సరిచేసి ఓవర్‌సైజ్ వాల్వ్ వేస్తేనే ఆ లీకు ఆగుతుంది. అందుకే బడ్జెట్ తక్కువ ఉందంటే నేను ముందు సీళ్లు, బుష్‌లు, పంప్, వాల్వ్ బాడీకి డబ్బు పక్కన పెట్టమంటాను. ప్రతి డ్రమ్‌ కూర్చాక ఆయిల్ దారిలోకి తక్కువ ప్రెజర్ గాలి పెట్టి వింటాను. పిస్టన్ "థప్" మని ఒక్కసారి కొట్టి నిలబడాలి. బుస్సుమని గాలి పోతూ ఉంటే మళ్లీ విప్పాల్సిందే.

అపోహ: లైన్ ప్రెజర్ (బాక్స్ లోపలి ప్రధాన ఆయిల్ ప్రెజర్) బాగా పెంచితే నాసి పార్టులైనా నడుస్తాయి

కొంత పెంచడం మంచిదే. మితిమీరితే ఆ దెబ్బ గట్టి భాగాల మీద పడుతుంది. 4ఎల్60ఈలోనే సన్ షెల్ (సన్ గేర్‌ను తిప్పే డబ్బా లాంటి భాగం) స్ప్లైన్లు, అంటే దాని పట్టు పళ్లు, అరిగిపోతే రెండు, నాలుగు, రివర్స్ మూడూ ఒకేసారి పోతాయి. హార్డెన్ చేసిన షెల్‌కు పెట్టే డబ్బు ఎప్పుడూ దండగ కాదు.

అపోహ: మాస్టర్ కిట్ కొంటే అన్నీ వచ్చేసినట్టే

సాధారణంగా ఓవర్‌హాల్ కిట్‌లో సీళ్లు, గాస్కెట్లు. బ్యానర్ కిట్‌లో వాటితో పాటు ఫ్రిక్షన్లు. మాస్టర్ కిట్‌లో స్టీళ్లు కూడా ఉంటాయి. బుష్‌లు, సోలనాయిడ్లు, బ్యాండ్ చాలాసార్లు విడిగా కొనాలి. డబ్బు కట్టే ముందే పార్టుల లిస్ట్ అడగండి.

అపోహ: పాత కన్వర్టర్‌ను ఫ్లష్ చేస్తే చాలు

క్లచ్ కాలిన బాక్స్‌కైతే చాలదు. వెల్డ్ చేసి మూసేసిన ఆ డబ్బా లోపల మూలల్లో దాగిన పొడి ఫ్లష్‌కు రాదు. కోసి రీబిల్డ్ చేయించాలి, లేదా కొత్తది వేయాలి. ఆయిల్ కూలర్‌లోనూ ఆ పొడే ఉంటుంది. పైపులు శుభ్రం చేసి, కూలర్‌లోంచి ఆయిల్ ధారగా వస్తుందని కళ్లతో చూసే దాకా నేను బండి స్టార్ట్ చేయనివ్వను.