కరెంటు పోతే తెలిసే చప్పుడు

రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు గానీ అది అంత మోత చేస్తోందని మనకు తెలీదు. అప్పటిదాకా ఆ చప్పుడు చెవిలో పడుతూనే ఉంది. రోజూ ఉండేదే కదా అని మెదడు దాన్ని పక్కన పెట్టేసింది. చొక్కా మెడ దగ్గర గీసుకునే లేబుల్, పక్కింటి మిక్సీ కూడా అంతే.

ఆటిజం, అంటే మెదడు ఎదిగే తీరులోనే ఉండే ఒక తేడా, ఉన్న చాలామందికి ఇవి అంత తేలిగ్గా పక్కకు పోవు. పెళ్ళిలో గట్టిమేళం మొదలవగానే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తే పిల్లవాణ్ణి చూసి "మరీ గారాబం" అనేస్తారు. వాడికి ఆ డోలు నిజంగానే బాధ పెడుతోంది. అందరూ ఇలాగే ఉంటారని కాదు, కొందరికి దెబ్బ తగిలినా వెంటనే తెలీదు. పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే వాక్యూమ్ క్లీనర్ మోతకు హడలిపోయేవాళ్ళున్నారు. అయినా అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం ఈ ఇంద్రియాల తేడాను ఆటిజం లక్షణాల జాబితాలో స్పష్టంగా చేర్చింది 2013లో!

చూపు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు అమితా షా, ఉటా ఫ్రిత్ 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాగితం మీది డిజైను చూసి, రెండు రంగుల దిమ్మెలతో అలాగే పేర్చాలి. మామూలుగా మనకు ముందు మొత్తం ఆకారం కనబడుతుంది, అందులో ఏ దిమ్మె ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడమే చిక్కు. పూర్తయిన ముగ్గులో చుక్కలు వెతుక్కున్నట్టు. ఆటిజం ఉన్నవాళ్ళు మాత్రం చకచకా పేర్చేశారు. అదే డిజైన్ని ముందే ముక్కలుగా విడదీసి, మధ్యలో సందులు పెట్టి చూపిస్తే మిగతావాళ్ళ వేగం బాగా పెరిగింది. ఆటిజం ఉన్నవాళ్ళకి దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. వాళ్ళకది మొదటినుంచీ ముక్కలుగానే కనిపిస్తోంది మరి.

తర్వాతి పరీక్షల్లో ఫలితం ప్రతిసారీ ఇంత స్పష్టంగా రాలేదు. నాకు నచ్చనిది మాత్రం పేరు. ఈ తీరుకు ఫ్రిత్ వాడిన మాట 'వీక్ సెంట్రల్ కోహెరెన్స్', అంటే ముక్కల్ని కలిపి మొత్తంగా చూడడంలో 'బలహీనం' అని. పోటీలో గెలిచినవాళ్ళకి బలహీనతేమిటి? మొత్తాన్ని చూడమంటే వాళ్ళూ చూడగలరని, వివరం మీద పట్టు ఎక్కువంతేనని లోరాన్ మోట్రాన్ లాంటి పరిశోధకులు తర్వాత వాదించారు.

ఎదుటివాళ్ళ మనసు ఆటిజం ఉన్నవాళ్ళకి అర్థం కాదన్న మాట కూడా చాలాకాలంగా ఉంది. తనకే ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో దాన్ని తిరగేశాడు. వీళ్ళ మనసు మనకు మాత్రం అర్థమవుతోందా, తేడా రెండువైపులా ఉందిగా అన్నాడు.

"స్టవ్ మీద పాలు చూస్తూ ఉండరా" అని ఆటిజం ఉన్న కొడుక్కి చెప్పి అమ్మ లోపలికి వెళ్ళిందనుకోండి. తిరిగొచ్చేసరికి పాలు పొంగి గట్టంతా పారుతున్నాయి. పిల్లాడు అక్కడే, రెప్ప వాల్చకుండా చూస్తున్నాడు. స్టవ్ ఆపమని అమ్మ చెప్పలేదు.