కొమ్మ కంటే ముందు చీటీ

పిల్లలకు దీవెనలు.

బతుకమ్మ దగ్గరికొచ్చింది. దేవరకొండ గుట్టల కింద, అచ్చంపేట తొవ్వలో ఎక్కడ చూసినా తంగేడు పూతే. ఈసారి పూలు కోసేటప్పుడు ఒక్క కొమ్మ పక్కకు పెట్టండి, హెర్బేరియం చేద్దాం. అంటే మొక్కను అదిమి ఎండబెట్టి, దళసరి కాగితానికి అతికించి, వివరాలు రాసి దాచడం. హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలో ఇలాంటివి దాదాపు 20 లక్షలున్నాయి.

ఎండబెట్టడం మీకు ఒక్క రోజులో వచ్చేస్తుంది. నేను చెప్పాలనుకున్నది కాగితం కింద కుడి మూలన అతికించే చీటీ సంగతి.

తలనూనె సీసాల మీద జొజోబా అన్న పేరు చూసే ఉంటారు. అమెరికా, మెక్సికో సరిహద్దుల్లోని సొనోరా ఎడారి గుట్టల మీద పెరిగే పొద అది. ఆకులు మందంగా, బూడిద కలిసిన పచ్చగా, నిటారుగా ఉంటాయి. గింజ బరువులో సగం దాకా నూనే. శాస్త్రవేత్తలు దాన్ని సిమ్మాండ్సియా చైనెన్సిస్ అంటారు. కానీ చైనా అడవుల్లో ఆ పొదే లేదు! 1822లో జర్మనీ శాస్త్రవేత్త లింక్ దానికి పేరు పెట్టినప్పుడు, చీటీ మీది ‘కాలిఫ్’ అన్న పొట్టి రాతను ‘చైనా’ అని చదివారని చెబుతారు. 1844లో నట్టాల్ అనే మరో శాస్త్రవేత్త కాలిఫోర్నియా పేరుతో పిలిచినా లాభం లేకపోయింది. ముందు పెట్టిన పేరుకే హక్కు అన్నది వృక్షశాస్త్ర నియమం. అందుకే పొట్టి రాతలు వద్దంటాను.

ఆ పొదలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. అది కూడా చీటీలోకి ఎక్కాల్సిందే.

తేదీ ఎంత పని చేస్తుందో చూడండి. వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త హెర్బేరియంలోని పాత ఆకుల మీద, గాలి పీల్చుకునే సన్నని రంధ్రాలను లెక్కపెట్టారు. 200 ఏళ్లలో అవి దాదాపు 40 శాతం తగ్గాయని 1987లో ప్రకటించారు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిన కొద్దీ ఆకుకు అన్ని రంధ్రాల అవసరం లేకపోయింది. ఆ ఆకులు తెంపినవాళ్లకు ఈ ఊహే లేదు. వాళ్లు చేసిందల్లా సంవత్సరం రాసి పెట్టడం. నాకైతే ఇది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక మన తంగేడు. మొగ్గ, పువ్వు, కాయ మూడూ ఉన్న కొమ్మ తీసుకోండి. ఆకు కాడ మొదట్లో చెవి తమ్మెల్లాంటి రెండు చిన్న రెక్కలుంటాయి, అవి రాలనివ్వకండి. ఒక ఆకును తిరగేసి పెడితే అడుగు భాగం కూడా కనబడుతుంది. పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి. మొదటి నాలుగు రోజులూ రోజుకోసారి పేపర్లు మార్చకపోతే బూజు పడుతుంది.

చీటీ చెట్టు దగ్గరే రాయండి, ఇంటికొచ్చాక కాదు. పసుపు రంగు ఎండితే మాసిపోతుంది, చెట్టెత్తు కొమ్మను చూస్తే తెలియదు. చల్క నేలా, రాతి గుట్టా, చెరువు కట్టా? అదీ రాయాలి. ఊరు, మండలం, జిల్లా మూడూ ఉండాలి. 2016లో జిల్లాలు మారాయి కదా, పాత చీటీల్లో మహబూబ్‌నగర్ అని ఉన్న అమ్రాబాద్ ఇప్పుడు నాగర్‌కర్నూలులో ఉంది. ఊరి పేరుంటేనే ఆచూకీ దొరుకుతుంది.

అమ్రాబాద్ పులుల అడవిలో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తుంచొద్దు. బాట పక్కన తంగేడుకు కొదవా? పండుగ సెలవులయ్యాక కాగితాలు తీసుకుని రండి. నేను ముందు చీటీలే చదువుతాను.

మీ తాత