‘ది యంగ్ డాక్టర్స్’: మూడో పరీక్ష మీద తగాదాకు నేపథ్యం

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాక, జిల్లా ఆసుపత్రుల్లో అనుభవం గడించిన పెద్ద డాక్టర్లూ, ఈమధ్యే పీజీ ముగించి వచ్చిన యువ వైద్యులూ ఒకే ల్యాబులో, ఒకే వార్డులో పనిచేయవలసి వస్తున్నది. వారి మధ్య తలెత్తే భేదాభిప్రాయాలను స్వభావాల గొడవగా కొట్టిపారేయడం సరికాదు. ఎవరు ఏ కాలంలో చదువుకున్నారన్నదే చాలాసార్లు అసలు కారణం. 1961 నాటి హాలీవుడ్ చిత్రం ‘ది యంగ్ డాక్టర్స్’ ఈ సంగతిని స్పష్టంగా చూపిస్తుంది.

ఆర్థర్ హేలీ 1959లో రాసిన నవల ఆధారంగా ఫిల్ కార్ల్‌సన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో, రక్తం, కణజాలం వంటివి పరీక్షించే పెథాలజీ విభాగాన్ని దశాబ్దాలుగా నడుపుతున్న డాక్టర్ పియర్సన్‌గా ఫ్రెడ్రిక్ మార్చ్, కొత్తగా చేరిన డాక్టర్ కోల్మన్‌గా బెన్ గజారా నటించారు. ఆర్‌హెచ్ నెగటివ్ (ఎర్రకణాల మీద ఆర్‌హెచ్ అనే కారకం లేని) రక్తమున్న ఒక గర్భిణికి రెండు పరీక్షలు చేశాక మూడోది కూడా చేయాలని కోల్మన్ అంటే, అక్కర్లేదని పియర్సన్ ఆపించడంతో శిశువు ప్రాణం మీదికి వస్తుంది.

ఆ మూడో పరీక్షకు అప్పటికి పెద్ద వయసేమీ లేదు. తల్లి రక్తానికీ కడుపులోని బిడ్డ రక్తానికీ పొసగని ఒక కేసును లెవీన్, స్టెట్సన్ 1939లో వెల్లడించారు. మరుసటి ఏడాది లాండ్‌స్టైనర్, వీనర్ ఆర్‌హెచ్ కారకాన్ని ప్రకటించారు. అంటే పియర్సన్ వంటివారు వైద్యం చదివిన రోజుల్లో ఆ పేరే లేదు. పైగా, తల్లి రక్తంలో తయారై బిడ్డకు హాని చేసే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఎర్రకణాలకు అంటుకుంటాయే గాని ఉప్పునీటి ద్రావణంలో వాటిని గుంపు కట్టించలేవు కాబట్టి, పాత పద్ధతిలో ఫలితం ‘లేదు’ అనే వచ్చేది. ఆ ప్రతిరక్షకాలను ఒకదానితో ఒకటి కలిపి కణాలు గుంపు కట్టేలా చేసే మరో సీరమ్‌ను వాడి, కూంబ్స్, మౌరంట్, రేస్ 1945లో ఈ లోపాన్ని పూడ్చారు. కోల్మన్ అడిగిన మూడో పరీక్ష ఈ కూంబ్స్ పరీక్షే. పియర్సన్ నమ్మిన పరీక్షలు అబద్ధం చెప్పలేదు. వాటికి అందనిది ఒకటుందని ఆయన ఒప్పుకోలేకపోయాడు. వైద్యుడిగా అది క్షమించరాని తప్పేనని నా అభిప్రాయం.

అప్పట్లో పుట్టిన బిడ్డకు రక్తమార్పిడి చేయడమే ప్రధాన చికిత్స. తల్లిలో ఆ ప్రతిరక్షకాలు తయారు కాకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ 1968లో వాడుకలోకి వచ్చాక, నెగటివ్ తల్లికి ఏడో నెలలోనూ, ఆ కారకం ఉన్న (పాజిటివ్) బిడ్డ పుడితే కాన్పైన 72 గంటలలోపూ దాన్ని ఇచ్చి ముప్పును ముందే ఆపగలుగుతున్నారు.

మన దేశంలో ఆర్‌హెచ్ నెగటివ్ వారు నూటికి సుమారు ఐదుగురే. పాలమూరు నుంచి వలస వెళ్లే కుటుంబాల్లో గర్భిణి ఒకచోట పరీక్షలు చేయించుకుని మరోచోట కాన్పు కావడం ఉన్నదే కనుక, కూంబ్స్ పరీక్ష చేశారా లేదా అన్నది ఆమె చేతిలోని కార్డులో తప్పక ఉండాలి. ఇక యాంటీ-డి వల్ల ఇలాంటి కేసులు తగ్గేకొద్దీ, పసికందుకు రక్తమార్పిడి స్వయంగా చేసిన అనుభవం పెద్ద డాక్టర్ల దగ్గరే మిగులుతుంది. దాన్ని వారు పదవీ విరమణ చేసేలోగా యువ వైద్యులు నేర్చుకోవాలి.