కలంలో రంగు ఉండదు: కలంకారీ కార్యశాలలపై అపోహలు, వాస్తవాలు

ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉదయం అమరావతి శిల్పాలను చూసి, మధ్యాహ్నం ఆ పద్మాలనూ లతలనూ కలంతో గుడ్డ మీదికి తెచ్చుకునే కార్యశాలలను నేను చెన్నైలో కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ప్రతిసారీ భోజనాలైన అరగంటకు ఎవరో ఒకరు చెయ్యెత్తి, "అక్కా, ఈ రంగు పట్టడం లేదు, వేరే గిన్నె ఇవ్వండి" అంటారు. ఆ గిన్నెలో ఉన్నది రంగు కాదు, పటిక నీరు. కలంకారీ అంటే గుడ్డ మీద రంగు పూయడమేనన్న అపోహ అంత బలంగా పాతుకుపోయింది. మిగిలిన అపోహల వల్ల కాస్త ఉత్సాహం మాత్రమే పోతుంది. దీనివల్ల గుడ్డ పాడవుతుంది, డబ్బు పోతుంది, చివరకు "నా చేతికి ఈ పని రాదు" అన్న దిగులు మిగులుతుంది.

వాస్తవమేమిటంటే, ఈ పనిలో రంగు కలంలో ఉండదు, గుడ్డలో పుడుతుంది. గుడ్డను ముందుగా కరక్కాయ రసం, గేదెపాలు కలిపి నానబెట్టి ఆరబెడతాము. పాలలోని కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీటిలో వారాల తరబడి పులియబెట్టి తీసిన కసిమిలోని ఇనుము, కరక్కాయలోని టానిన్‌ అనే వగరు పదార్థంతో కలిసినప్పుడే నలుపు వస్తుంది. అదే కసిమితో మామూలు తెల్లగుడ్డ మీద గీస్తే తుప్పు మరక తప్ప మరేమీ మిగలదు. ఎరుపు కావలసిన చోట పటిక నీరు పెట్టి, బాగా ఆరనిచ్చి, అదనపు పటిక పోయేలా పారే నీటిలో జాడించి, ఎరుపునిచ్చే వేళ్లయిన మంజిష్ఠతోనో చిరివేరుతోనో ఉడికించినప్పుడు, పటిక పట్టిన రేకలలోనే ఎరుపు నిలుస్తుంది. ఉడికించేదాకా ఆ రేకలు దాదాపు ఖాళీగానే కనిపిస్తాయి.

ఈ ఖాళీని చూసే జనం కంగారు పడతారు. బ్యాంకు ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయన, పటిక పట్టలేదేమోనన్న అనుమానంతో అవే రేకల మీద నాలుగు సార్లు కలం తిప్పారు. ఉడికించాక ఆయన పద్మం ఒకే ఎర్రటి ముద్దయింది. ఆయన నొచ్చుకోవడం చూసి, నా మొదటి గుడ్డ కథ చెప్పాను. నవంబరు నెలలో పటిక పెట్టిన గుడ్డను మేడ మీద ఆరవేసి పొరుగింటికి వెళ్లాను. వాన వచ్చి పటిక గీతలు దాటి పాకింది, ఉడికించాక గుడ్డంతా గులాబీ రంగు తిరిగింది. ఆ నెల నుంచి ఇప్పటిదాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో నేను కార్యశాల పెట్టలేదు.

నీటి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ప్రవాహంలో జాడించే పనిని మనం కుళాయి కింద చేస్తున్నాము. మీ ఇంటి బోరు నీటిలో ఇనుము ఉంటే కరక్కాయ పట్టించిన గుడ్డ బూడిదరంగుకు తిరుగుతుంది. దానికి నన్నో కరక్కాయనో నిందించి లాభం లేదు.

"కసిమి చిక్కగా పూస్తే నలుపు ఎక్కువ కాలం ఉంటుంది కదా" అని మరికొందరు వాదిస్తారు. మ్యూజియాలలోని పాత కలంకారీ గుడ్డలను దగ్గరగా చూడండి: చాలా వాటిలో ముందుగా శిథిలమైనవి నల్లని గీతలే, ఎందుకంటే ఆ ఇనుమే నూలును తినేస్తుంది.

సహజ రంగులు ఒక్క ఉతుకుకే పోతాయన్న మాట ఎవరు పుట్టించారో గాని, వినీ వినీ విసుగు పుట్టింది. కోరమండల్ తీరపు అద్దకాలు ఉతికినా వెలవనందుకే యూరపు వాటి మీద మోజు పడింది. ఆ పోటీకి తాళలేక ఫ్రాన్సు 1686లో వాటి దిగుమతినే నిషేధించింది. సహజం కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకున్నా పరవాలేదన్నది దీనికి తిరగబడిన అపోహ, పెట్టుకోకూడదు. శిల్పం మీద కాగితం పరచి పెన్సిలుతో రుద్దుకుంటామని వచ్చేవారు ఆ ఆశ వదులుకోవాలి. పాలరాయి అని పిలిచే ఆ పలనాటి సున్నపురాయిని ముట్టుకోకూడదు, ఎదురుగా కూర్చుని చూసి గీసుకోవాలి. బొమ్మలు వేయడం రాదని భయపడవద్దు: దారం ముక్కతో వృత్తం తిప్పి, కాల్చిన చింతపుల్లతో రేకలు గీయడం మొదటి గంటలోనే వస్తుంది.

బజారులో కలంకారీ కిట్ పేరుతో అమ్మే పెట్టెల కోసం వేలు పోయవద్దు. నేను చూసినంతవరకు వాటిలో ఉండేది గుడ్డ మీద పొరలా నిలిచే ఫ్యాబ్రిక్ పెయింటు. దానితో బొమ్మ వేసుకోవడం తప్పు కాదు, కానీ నేను చెప్పిన పని అందులో ఏదీ జరగదు. గంజి లేని నూలు గుడ్డ, మరకలు పడినా బాధ లేని చొక్కా తెచ్చుకుంటే చాలు. ఉడకబెట్టడం తరువాతి ఆదివారమే. ఆ రోజు రాలేనివారు గుడ్డను నా దగ్గరే వదిలి వెళ్లండి. ఇంటికి పట్టుకెళ్లినా నేను చెప్పేదాకా తడపవద్దు.